హైదరాబాద్–దుబాయ్: టికెట్ మీద టైము, గాల్లో టైము

హైదరాబాద్‌లో పొద్దున 10:00కి బయల్దేరి దుబాయ్‌లో 12:20కి దిగే విమానం ఉందనుకోండి. తిరుగు టికెట్‌లో 10:00కి ఎక్కితే దిగేది 15:00కి. పోను రెండు గంటల ఇరవై నిమిషాలు, రాను ఐదు గంటలా? కాదు. టికెట్ మీద వేసేవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. పోయేటప్పుడు గంటన్నర కలపండి: 3 గంటల 50 నిమిషాలు. వచ్చేటప్పుడు తీసేయండి: మూడున్నర గంటలు. అంటే కాగితం మీద పొడుగ్గా కనబడే తిరుగు ప్రయాణమే నిజానికి చిన్నది.

పోను రాను మధ్య ఆ ఇరవై నిమిషాల తేడా గాలి పుణ్యం. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగా గీత గీస్తే సుమారు 2,550 కి.మీ. ముంబై దరిదాపుల్లో తీరం దాటాక చాలా దూరం అరేబియా సముద్రం మీదే. చలికాలంలో విమానాలు ఎగిరే ఎత్తున పడమటి గాలులు జోరుగా వీస్తాయి. గంటకు 840 కి.మీ. వేగమున్న విమానానికి 100 కి.మీ. ఎదురుగాలి తగిలితే నేల లెక్కన మిగిలేది 740. అదే గాలి వెనకనుంచి తోస్తే 940. దారంతా అలాగే ఉంటే పోను రాను మధ్య ముప్పావుగంట దాకా తేడా. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణ భారతం మీద పై ఎత్తున తూర్పు గాలులు వీస్తాయి కాబట్టి ఈ తేడా బాగా తగ్గుతుంది.

ఏ రెండు ఊళ్లకైనా మోటు లెక్క ఒకటుంది: కిలోమీటర్లను 800తో భాగించి, పైన 35 నిమిషాలు కలపడం. ఆ 35 విమానం రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎగరడం, కిందికి దిగడం, గేటు దగ్గర ఆగడం. హైదరాబాద్–విశాఖ సుమారు 510 కి.మీ.; లెక్క గంటా పదమూడు నిమిషాలు చూపిస్తుంది. దగ్గరి ఊళ్లకు విమానం అంతగా కలిసిరానిది ఇందుకే, ఆ 35 ఎక్కడికీ పోదు.

అసలు దెబ్బ తినేది తేదీ దగ్గర. గల్ఫ్ విమానాల్లో అర్ధరాత్రివి చాలానే ఉంటాయి. టికెట్ మీద 12వ తేదీ 00:40 అని ఉంటే, 11వ తేదీ రాత్రి భోంచేసి బయల్దేరాలన్నమాట. మూడు గంటల ముందు చేరాలంటే 11న రాత్రి 9:40కల్లా శంషాబాద్‌లో ఉండాలి. 12 రాత్రి అనుకుని వెళ్తే విమానం వెళ్లిపోయి 21 గంటలై ఉంటుంది. తీరిగ్గా చూసుకోవచ్చనుకోకండి, అంతర్జాతీయ విమానాలకు చెకిన్ కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు.

రిసీవ్ చేసుకోడానికి వెళ్లేవాళ్లకు: 15:00 అంటే విమానం ఆగే టైము. ఇమిగ్రేషన్, సామాను అయ్యి మనిషి బయటికొచ్చేసరికి 16:00 అనుకోండి.