మా ఇంట్లో తప్పిపోయింది తండ్రి

"మీ పాటల్లో అందరూ పాపులే అమ్మా, కానీ ఎవరూ ఏమీ చేసినట్టు ఉండదు" అన్నాడు మా పెద్దాడు. క్రిస్మస్ ప్రోగ్రాంలో తెలుగు కీర్తన పాడనని చెప్పడానికి వాడు వెతుక్కున్న కారణం అది. వాడికి పదిహేనేళ్ళు. కారణాలకు కొదవలేని వయసు.

నాకు ఒళ్ళు మండింది. మాది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. 1878లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల అని మావాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు వింటూ నిద్రపోయినదాన్ని నేను. ఆయన 19వ శతాబ్దంలోనే తన పాపాల గురించి అంతగా ఏడ్చి రాశారు కదరా అని లెక్చర్ ఇచ్చాను. వాడు అంతా విని, "ఏ పాపం? తాగుడా, పేకాటా, కొట్టడమా? ఒక్కటీ చెప్పరు. జనరల్‌గా పాపం!" అన్నాడు.

తప్పంతా మేముంటున్న అమెరికా ఊరు మెంఫిస్ మీదకి తోసేయాలనిపిస్తుంది. ఈ ఊళ్ళో ఉంటూ పిల్లాడికి గిటార్ నేర్పిస్తే బ్లూస్, అంటే నల్లజాతివాళ్ళ బాధల్లోంచి పుట్టిన పాటలు, అంటుకోకుండా ఎలా ఉంటుంది? వాళ్ళ గిటార్ మాస్టారు ఒక నల్లజాతి చర్చిలో డీకన్. ఆయన చెప్పే కథలు వీడు ఇంటికి మోసుకొస్తాడు. ఈ మధ్య రాబర్ట్ విల్కిన్స్ కథ నడుస్తోంది. ఇక్కడికి దక్షిణాన హెర్నాండో అనే ఊరివాడు. 1929లో బ్లూస్ పాటలు రికార్డు చేశాడు. 1930ల్లో, తను వాయిస్తున్న ఒక పార్టీలో కొట్లాట జరిగితే అది చూసి మనసు విరిగి ఆ పాటలు వదిలేశాడు. చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే నల్లజాతి పెంతెకొస్తు సంఘంలో చేరి సేవకుడయ్యాడు. ఆ పాటల మాటలు వదిలాడు కానీ గిటార్ మాత్రం వదల్లేదు. తన పాత బ్లూస్ పాట బాణీకే బైబిల్లో లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ (ఆస్తి పాడుచేసి తిరిగొచ్చిన కొడుకుని తండ్రి అక్కున చేర్చుకున్న కథ) కట్టి, 1960ల్లో మళ్ళీ రికార్డు చేశాడు. 1968లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండు వాళ్ళు దాన్ని తమ ఆల్బంలో పాడారు.

"చూశావా, ట్యూన్ అదే!" అంటాడు మావాడు, ఏదో కేసు గెలిచినట్టు. లోకపు రాగాలు దేవుడి సన్నిధిలో ఏంట్రా అని నేనే ఒకప్పుడు వాడి గిటార్‌ని మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి తీసుకురావద్దన్నాను. గాస్పెల్ సంగీతానికి, అంటే నల్లజాతి చర్చిల భక్తి పాటలకి, తండ్రి అనిపించుకున్న థామస్ డోర్సీని కూడా మొదట్లో చాలా చర్చిలు ఇలాంటి కారణంతోనే రానివ్వలేదట. బూతు కలిసిన బ్లూస్‌తో పేరు తెచ్చుకున్నవాడాయన. 1932లో పురిట్లో భార్య, వెంటనే బిడ్డ పోయాక ఆయన రాసిన ప్రార్థన పాట ఇప్పుడు ఆ నల్లజాతి క్రైస్తవుల చావు ఇళ్ళలో వినిపించకుండా ఉండదు. ఇదంతా తెలిశాక కూడా గిటార్ విషయంలో నా మనసు సగమే మారింది.

కారులో మాత్రం వాడి పాటలే నడుస్తాయి. అందులో మైక్ ఫారిస్ నాకూ ఇష్టమైపోయాడు. నాష్‌విల్ గాయకుడు, ఒకప్పుడు రాక్ బ్యాండులో ఉండేవాడు. మద్యానికీ మాత్రలకీ బానిసై, విశ్వాసంతో బయటపడి, 2007లో గాస్పెల్ ఆల్బం చేశాడు. తర్వాత నొప్పి మాత్రల దగ్గర మళ్ళీ పడ్డాడు. మళ్ళీ చికిత్సకి వెళ్ళి, లేచి, 2014లో ఇంకో ఆల్బం చేస్తే మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది. నన్ను పట్టుకున్నది ఆ రెండో పడటం. మన కూటాల్లో సాక్ష్యం, అంటే దేవుడు తమనెలా మార్చాడో, చెప్పేవాళ్ళు ఒక్కసారే పడతారు, ఒక్కసారే లేస్తారు. ఆ తర్వాత జీవితమంతా హల్లెలూయా.

అలాంటి సాక్ష్యాలకి అందరికంటే గట్టిగా ఆమేన్ చెప్పేది నేనే. పోయిన ఏడాది ఫెలోషిప్‌లో 'టీనేజ్ పిల్లలు, మత్తు పదార్థాలు' అని తల్లిదండ్రులకి క్లాసు కూడా పీకాను. స్లైడ్లు చేశాను. "ఇంట్లో దాపరికం వద్దు, వ్యసనం కొంతవరకు వంశంలో వస్తుంది, పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పండి" అని ఒక స్లైడు. తర్వాతి నెలలో పెద్దాడి స్పోర్ట్స్ ఫిజికల్ (ఆటల్లో చేరేముందు చేసే వైద్య పరీక్ష) ఫారంలో, కుటుంబంలో ఎవరికైనా మద్యం సమస్య ఉందా అన్న దగ్గర 'లేదు' అని టిక్కు పెట్టాను. పెన్ను కూడా తడబడలేదు.

మా నాన్న తాగేవాడు. మామూలుగా కాదు.

పిల్లలకి తెలిసిన తాతయ్య వేరు. సంఘపెద్ద. వీడియో కాల్‌లో ప్రార్థన చేయకుండా ఫోన్ పెట్టడు. నాకు తెలిసిన నాన్న సారా కొట్టు దగ్గర నుంచి ఎవరో ఒకరు మోసుకొస్తేగానీ ఇంటికి రాని మనిషి. 1992లో మా పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు తిరగబడి సారా కొట్టు మూయించారు. ఆ గాలి మా దాకా వచ్చింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది. నాన్న మానేసింది ఆ చలికాలంలోనే. ఉపవాస కూటంలో దేవుడు ముట్టాడు అంటుంది అమ్మ. కొట్టు మూతపడటం వల్ల కూడా కదా అని నాకు లోలోపల ఎప్పుడూ ఉంటుంది. కానీ దొంగసారా దొరుకుతూనే ఉండేది. పక్కింటాయన దానికే పోయాడు. కొట్టు మూసినంత మాత్రాన మానేసేవాళ్ళే అయితే ఆయనా మానేయాలిగా. ఇక్కడికొచ్చేసరికి నా తెలివి ఆగిపోతుంది.

మా ఆయన మాత్రం "ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉండనీ, తాతంటే వాడికున్న గౌరవం ఎందుకు పోగొట్టాలి" అంటాడు. నేనూ అదే కారణమని నమ్ముతూ వచ్చాను. మొన్న నాన్నకి ఫోన్ చేసి, పెద్దాడికి చెప్పనా అని నసుగుతూ అడిగాను. ఆయన నవ్వాడు. "నేనెప్పుడు దాచానమ్మా? ఏటా కొత్త సంవత్సరం కూటంలో చెబుతూనే ఉన్నాను. మన ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. చెప్పు" అన్నాడు.

అయితే ఆయన గౌరవం కోసం నేను దాచలేదన్నమాట.

ఆయన సాక్ష్యం నేను చాలాసార్లు విన్నాను. బాగా చెబుతాడు, జనం ఏడుస్తారు. అందులో సారా ఉంటుంది, మురిక్కాలవ ఉంటుంది, దేవుడు ఉంటాడు. అమ్మ పుస్తెల తాడు తాకట్టుకి వెళ్ళిన సంగతి ఉండదు. రాత్రి తలుపు చప్పుడైతే నేనూ తమ్ముడూ మంచం కిందకి దూరడం ఉండదు. కారులో మావాడు పెట్టే పాటలు వింటున్నప్పుడూ ఇదే అనిపిస్తుంది. పడినవాడికి పాట ఉంది, ఎంతో గొప్ప పాట. లూకా 15లో ఇంటి దగ్గర ఎదురుచూసింది తండ్రి. మా ఇంట్లో తప్పిపోయింది తండ్రి, ఎదురుచూసింది భార్యాపిల్లలు. మా వాటా ఎవరు పాడాలి?

ఇది క్షమించలేకపోవడమేమో. నాన్నని క్షమించానని నేనూ ఒక కూటంలో చెప్పినట్టు గుర్తు. ఇంకో భయం కూడా ఉంది. ఆ పాటగాళ్ళ గొంతులోని జీర, ఆ బాధ చూసి, అలా పాడాలంటే ముందు అలా పడాలేమో అని పదిహేనేళ్ళవాడికి అనిపిస్తే? తాతయ్య కథ వాడికి హెచ్చరిక అవుతుందా, ఫ్యాషన్ అవుతుందా? నా స్లైడ్లలో దీనికి జవాబు లేదు.

ఆ ఫారం సంగతి వచ్చే ఫిజికల్‌లో సరిచేస్తాను, అది తేలికే. మిగతాది చెప్పేముందు అమ్మని అడగాలి. నాన్న సాక్ష్యం నాన్నది, తాళి సంగతి ఆవిడది. వద్దంటే ఆ భాగం చెప్పను, అది లేకుండా చెబితే నాన్న చెప్పినట్టే ఉంటుంది. పండగ పనుల్లో ఆవిడకి తీరిక దొరికే దాకా ఆగుదామనుకుంటున్నాను. మావాడు అంతవరకు ఆగుతాడన్న నమ్మకం లేదు. మొన్న నేను ఫోన్లో మాట్లాడుతుంటే వెనకే నిలబడి సగం విన్నాడు. తాతయ్య నంబరు వాడి దగ్గరా ఉంది.