కుర్చీ కింద దాచిన క్లాంపు

“ఇది ఎవరు బిగించారు?” అని అడిగాడు మా ఆఫీసులో సామాన్లు బాగుచేసే పెద్దాయన.

నా కుర్చీ నేల మీద తలకిందులుగా ఉంది. ఐదు చక్రాలూ పైకి తిరిగి ఉన్నాయి. సీటును పైకీ కిందికీ నడిపే గొట్టం, అంటే సిలిండరుకు తొడిగిన ప్లాస్టిక్ తొడుగును కిందికి నెట్టేసరికి నేను నాలుగు నెలల కిందట బిగించిన ఇనుప క్లాంపు బయటపడింది. జారకుండా దాని లోపల సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. నేనే బిగించానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కొంచెం గర్వం కూడా ఉంది. చేతిపని తెలిసిన మనిషి కదా, మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “ఇందాక ఈ వారం నుంచే దిగుతోందన్నారు. ఈ రబ్బరు చూస్తే వారం కిందటిదిలా లేదు,” అన్నాడు. కాసేపాగి, “కుర్చీ బాగు చెయ్యడం మీ పని కాదు. చెప్పడం మీ పని. మీరు ఆ పని చెయ్యలేదు,” అన్నాడు.

గొంతు పెంచలేదు. చుట్టుపక్కల ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. అయినా పరాయి దేశంలో కాంట్రాక్టు మీద బతుకుతున్నవాడికి “మీ పని చెయ్యలేదు” అన్న మాట ఎక్కడ తగులుతుందో అలా బతికినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున అందరికంటే ముందు వస్తాను. ఒప్పుకున్న తేదీ కంటే ముందే పని అప్పగిస్తాను. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా మాట పడలేదు. తీరా పడితే కుర్చీ దగ్గర పడ్డాను.

కుర్చీ సీటు దానంతటదే కిందికి దిగడం మొదలై ఏడు నెలలైంది. పొద్దున కూర్చున్నప్పుడు మోచేతులు బల్లకు సరిగ్గా అందేవి. పదకొండయ్యేసరికి బల్ల ఛాతీ దాకా వచ్చేది. లేచి నిలబడి, లివర్ ఎత్తి, సీటు పైకి రానిచ్చి మళ్లీ కూర్చునేవాణ్ణి. మొదట్లో రోజుకు రెండుసార్లు, తర్వాత గంటకోసారి. భుజాలు చెవుల దగ్గరికి ఎగదన్నుకుని, మణికట్లు వంచి టైపు చేసి చేసి మెడ పట్టేసేది. నా బరువు ఎక్కువైందేమోనని కూడా అనుకున్నాను. అది తప్పని తర్వాత చదివితే తెలిసింది. యూరప్‌లో ఆఫీసు కుర్చీలకు పాటించే ఈఎన్ 1335 ప్రమాణం, 110 కిలోల మనిషి రోజుకు 8 గంటలు కూర్చుంటాడన్న లెక్కతో రాసినది. అమెరికాలో ఫర్నిచర్ తయారీదారుల సంఘం బిఫ్మా రాసిన ప్రమాణం 2017 నాటి కూర్పులో ఆ లెక్క 125 కిలోలు. నేను 70 దాటలేదు.

మరి ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న ఆయన అడగలేదు గానీ అప్పటి నుంచీ నన్ను నేనే అడుగుతున్నాను.

వచ్చిన కొత్తలో అన్నీ అడగాల్సినవే. తలుపు కార్డు పని చెయ్యలేదని అడిగాను. జీతం పడాల్సిన ఖాతా గురించి అడిగాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు చూపించే ఉత్తరం కోసం మూడుసార్లు తిరిగాను. అడిగిన ప్రతిసారీ అవతలివాళ్లు నవ్వుతూనే చేసిపెట్టారు. కానీ లోపల ఒక ఖాతా నడుస్తూ ఉంటుంది. ఇన్ని అడిగాను, ఇక కొన్నాళ్లు అడగకూడదు అని. ఇంకో ఆర్నెల్లలో కాంట్రాక్టు పొడిగింపు రావాలి, అది వస్తేనే వీసా. అలాంటప్పుడు కుర్చీ బాలేదని వెళ్లి నిలబడితే మనిషే నస పెట్టే రకం అనుకుంటారేమోనని భయం. ఇది పిరికితనం అంటే నేను ఒప్పుకోను. నా చేతుల్లో ఉన్న ఇబ్బందిని నేనే సర్దుకుని, నా చేతుల్లో లేనిదాని కోసం మాట మిగుల్చుకోవడం. ఇక్కడ పుట్టి పెరిగినవాడికి ఆ పొదుపు అవసరం లేదు.

అందుకే ఒక సాయంత్రం అందరూ వెళ్లాక క్లాంపు బిగించాను. కుర్చీ కావలసిన ఎత్తులో ఆగింది. ఆ నాలుగు నెలలూ దాన్ని చూసుకుని, నా అవసరానికి ఎవరినీ కదిలించలేదని తృప్తిపడ్డాను.

ఆ రోజు పక్క బల్ల కుర్చీకి చక్రం మార్చడానికి వచ్చాడు పెద్దాయన. వెళ్తూ వెళ్తూ అలవాటుగా నా కుర్చీ సీటు మీద చెయ్యి వేసి లివర్ ఎత్తాడు. అది కిందికి దిగలేదు. అక్కడ దొరికిపోయాను.

క్లాంపులో తప్పేమిటో ఆయనే చూపించాడు. సీటుకూ కాళ్లకూ మధ్య కనిపించే ఆ సన్నని గొట్టం ఉత్త ఇనుప గొట్టం కాదు. దాని నిండా బాగా ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్ మండదు, లోపలి లోహాన్ని తుప్పు పట్టించదు. ఆ గొట్టం లోపల పిస్టన్ గ్యాసును రెండు గదులుగా విడదీస్తుంది. లివర్ ఎత్తితే పైనున్న పిన్ను లోపలికి నొక్కుకుని, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గ్యాసుకు దారి తెరుచుకుంటుంది. పిస్టన్‌కు ఒక పక్క కడ్డీ ఉంది కాబట్టి ఆ మేరకు అటు పక్క గ్యాసు తోసే చోటు తక్కువ. రెండో పక్క తోపుదే పైచేయి అవుతుంది, అందుకే ఎవరూ కూర్చోకపోతే సీటు దానంతటదే లేస్తుంది. లివర్ వదిలితే దారి మూసుకుంటుంది, మనం గ్యాసు మీద కూర్చుంటాం. గ్యాసు కారకుండా ఆపే సీళ్లు అరిగిపోతే మూసిన దారి కూడా కొంచెం కొంచెం కారుతుంది. గ్యాసు అటు జారుతుంది, మనిషి కిందికి జారతాడు. మళ్లీ నింపడానికి అందులో ఏర్పాటు లేదు. విప్పకూడదు, రంధ్రం పెట్టకూడదు, వేడి చెయ్యకూడదు. మార్చడం ఒక్కటే దారి.

“ఇంత ఒత్తిడి ఉన్న గొట్టాన్ని బయటి నుంచి నొక్కి పట్టి, మీ బరువంతా ఆ పట్టు మీద వేశారు. కింద దానికి ఆధారం చూడండి, గొట్టం చుట్టూ ఉన్న ఈ ప్లాస్టిక్ బుష్ అంచు,” అని వేలితో తడిమి చూపించాడు. బుష్ ఒక పక్క నలిగి పగిలి ఉంది. “ఒక రోజు మీరు కూర్చోగానే ఇది ఒక్కసారిగా జారేది.”

అప్పుడు నాకు మాట రాలేదు. ఆయన రెండంతస్తులు దిగి వెళ్లి కొత్త సిలిండర్ పట్టుకొచ్చాడు. కిందికి వెళ్లి వచ్చిందంతా కలిపి ఐదు నిమిషాలు. దాని అట్టపెట్టె మీద దుమ్ము పేరుకుని ఉంది. నేను చెప్పకుండా నెట్టుకొచ్చిన ఏడు నెలలూ అది కింద అలమరలో ఉంది. ఈ సంగతి నాకు ఆయన మందలింపు కంటే ఎక్కువ బాధ కలిగించింది.

ఇక్కడే నాకూ ఈ ఊరికీ పేచీ. మన దగ్గర అయితే ఇది ఏడు నెలలు సాగేది కాదు. మూడో రోజుకే పక్కవాళ్లు “ఏమిటలా కుంగిపోయి కూర్చున్నావు, ఒంట్లో బాగుందా?” అని అడిగేవాళ్లు. నాలుగో రోజుకు ఎవరో ఒకరు తమ కుర్చీ ఇటు తోసేవాళ్లు. ఇక్కడ నా ఎదురుగా ముగ్గురు కూర్చుంటారు. నా గడ్డం బల్ల దాకా దిగడం, నేను లేచి మళ్లీ కూర్చోవడం రోజుకు పదిసార్లు చూశారు. మంచివాళ్లే. నాకు జ్వరమొచ్చిన రోజు నా పని వాళ్లు చేసిపెట్టారు, నేను చెప్పాను కాబట్టి. చెప్పనిది అడగడం వాళ్ల దృష్టిలో ఎదుటివాడి గడప దాటి లోపలికి రావడం. అది మర్యాదేనని నాకు అర్థమవుతుంది. అర్థమైనా మింగుడుపడదు. నోరు తెరిచి చెప్పినదే ఉన్నట్టు, చెప్పనిది లేనట్టు బతకడం నాకు ఇప్పటికీ చేతకాదు. చూసి అడిగేవాళ్ల మధ్య పెరిగినవాడికి అడగకపోవడం అలవాటవుతుంది. అలా అడిగేవాళ్లు పక్కన లేనప్పుడు ఆ అలవాటు ఎంత ఖరీదో వచ్చాక గానీ తెలియదు.

మన దగ్గర అడిగినవాళ్లందరూ ఆ తర్వాత సిలిండర్ మార్పించేవాళ్లా అంటే, చెప్పలేను. విరిగిన కుర్చీ మీద ఉద్యోగమంతా గడిపినవాళ్లు మనకు తెలుసు. అయినా అడిగేవాళ్లు. నాకు లోటైంది ఆ అడగడమే.

పాత సిలిండర్ ఊడదీయడం అనుకున్నంత తేలిక కాలేదు. దానికి బోల్టులు, మరలు ఏమీ ఉండవు. కింద 50 మిల్లీమీటర్ల లావు గొట్టం కొస వైపు కొద్దిగా సన్నబడుతూ ఐదు కాళ్ల నడుమ రంధ్రంలో కూర్చుంటుంది. పైన 28 మిల్లీమీటర్ల కొస అలాగే సీటు కింది పళ్లెంలో బిగుస్తుంది. ఒరిపిడే దాని పట్టు. మనిషి కూర్చున్నకొద్దీ ఇంకా బిగుస్తుంది. ముందు అతుకుల దగ్గర తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగాం. కుర్చీని పక్కకు పడుకోబెట్టి, కాళ్ల అడుగున కనిపించే సిలిండర్ అంచు మీద చుట్టూ సుత్తితో కొడితే ఎనిమిదో దెబ్బకో తొమ్మిదో దెబ్బకో కాళ్లు విడివడ్డాయి. సీటు వైపుదే మొండికేసింది. పైపు రెంచి పళ్లు గొట్టం మీద గీతలు పెట్టి జారాయి. ఆయన ఆయాసపడుతున్నాడు.

“ఇలా రా. సీటు గట్టిగా పట్టుకో. నేను తిప్పుతాను. పిన్ను వైపు సుత్తి పోనివ్వకు,” అన్నాడు.

ఇక్కడి భాషలో నువ్వుకూ మీరుకూ తేడా లేదు. ఒకే మాట. ఇంతసేపూ నా చెవికి అది “మీరు” అనే వినిపించింది, దూరంగా. సీటును మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నప్పుడు మాత్రం “నువ్వు” అని వినిపించింది. మా ఇంట్లో పెద్దవాళ్లు పనిలోకి పిలిచినప్పుడు వినిపించే నువ్వు. మార్పు ఆయన గొంతులో వచ్చిందో నా చెవిలో వచ్చిందో నాకు తెలియదు. రెండో పట్టుకు టక్కుమని గొట్టం తిరిగింది.

కొత్తది పెట్టడం రెండు నిమిషాల పని. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టి పొడవులు, పైకి కిందికి నడిచే దూరం సరిచూశాడు. గొట్టం మీద చెక్కిన డిన్ 4550 అన్న జర్మన్ ప్రమాణం అంకె చూపించి, ప్రమాణం అంకె ఏదీ లేనిది కొనవద్దన్నాడు. రెండు రంధ్రాలూ గుడ్డతో పొడిగా తుడిపించాడు. అక్కడ నూనె గానీ గ్రీజు గానీ ఉంటే ఒరిపిడి పట్టు ఉండదట. పిన్ను మీది ప్లాస్టిక్ మూత తీసి, కాళ్లలో నిలబెట్టి, పైన సీటు దించాడు. సుత్తి వాడలేదు. “కూర్చో. మిగతాది నీ బరువు చేస్తుంది,” అన్నాడు.

కూర్చున్నాను. ఆయన జేబులోంచి టేపు తీసి నేల నుంచి సీటు దాకా కొలిచాడు, 47 సెంటీమీటర్లు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాయి, మోచేతులు బల్లకు అందాయి. సాయంత్రం వెళ్లేటప్పుడు మళ్లీ వచ్చి కొలిచాడు. 47. నాకోసం మెట్లెక్కి వచ్చి కొలిచాడు. నేను అడగలేదు.

అప్పుడు మరమ్మతుల పుస్తకం ముందు పెట్టాడు. పొద్దున నేను చెప్పింది విని ఆయనే రాసుకున్న వరుస. కుర్చీ నంబరు, లోపం, ఎప్పటి నుంచి. మూడో గడిలో “ఈ వారం” అని ఉంది. సంతకం చెయ్యమని కలం ఇచ్చాడు, ఇంకేమీ అనలేదు. నేను ఆ గడి కొట్టేసి, పైన ఏడు నెలల కిందటి నెల పేరు రాసి, పక్కన సంతకం పెట్టాను. ఆయన చదివి తలూపి పుస్తకం మూశాడు.

పాత సిలిండర్‌ను మామూలు చెత్తలో వెయ్యకూడదని, పాత ఇనుముకు వేరుగా పంపుతామని చంకలో పెట్టుకున్నాడు. క్లాంపును మాత్రం మరలు విప్పి చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. “మంచి క్లాంపు. నీళ్ల గొట్టానికి పనికొస్తుంది, ఉంచుకోనా?” అని అడిగాడు. ఉంచుకోమన్నాను. సైకిల్ ట్యూబు ముక్కను తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.