ఐకాన్ల గొడవ మూడో వారం: 53 బైట్ల దగ్గర దొరికింది

దొరికింది! లైబ్రరీ కంప్యూటర్లలో కొన్ని డెస్క్‌టాప్ ఐకాన్లు నొక్కితే ప్రోగ్రామ్ బదులు హెచ్చరిక ఎందుకొస్తోందో శనివారం రాత్రి పదకొండున్నరకి దొరికింది. మూడు వారాలుగా ఎన్‌ఎఫ్‌ఎస్‌ని (సర్వర్‌లోని ఫైళ్లని నెట్‌వర్క్ మీద అందించేది) తిట్టాను, డీబస్‌ని (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) తిట్టాను, ఎక్స్‌ఎఫ్‌సీఈ (మేం వాడే తేలికపాటి డెస్క్‌టాప్) వాళ్లని మరీ తిట్టాను. చివరికి చూస్తే తప్పు నా స్క్రిప్టులోనే ఉంది. ఒక గీత, దాని పక్కన ఒక అక్షరం. అంతే.

సెటప్ పాతదే. మా ఊరి లైబ్రరీలో 7 ముసలి మెషీన్లు, హోమ్‌లన్నీ (ఒక్కొక్కరి సొంత ఫోల్డర్లు) సర్వర్‌లో, 14 అకౌంట్లు. ఒక్కొక్కరి డెస్క్‌టాప్ మీద 6 ఐకాన్లు: ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, బొమ్మలు గీసే టక్స్ పెయింట్, పిల్లల ఆటల జీకాంప్రీ, లెక్కల జియోజీబ్రా, టైపింగ్ నేర్చుకోడానికి క్లావారో. డెబియన్ (మేం వాడే లినక్స్) 11లో ఉన్నంతకాలం వీటిని స్కెల్‌లో (కొత్త అకౌంట్లకి మూస ఫోల్డర్) పడేసి ఊరుకున్నాను. స్కెల్ అకౌంట్ తెరిచిన రోజున ఒక్కసారి నింపి చేతులు దులుపుకుంటుంది, తర్వాత ఏం మార్చినా పాతవాళ్లకు చేరదు. అది తెలిసే బద్ధకించాను.

డెబియన్ 12కి మారాక ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 వచ్చింది. ఇందులో లాంచర్ ఫైలుకి (ఐకాన్ వెనక ఉండే చిన్న ఫైలు) ఎగ్జిక్యూట్ పర్మిషన్ (నడిపే అనుమతి) ఒక్కటే చాలదు. ఆ ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ని (ఫైలులో ఉన్నదాన్నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది) జీవీఎఫ్‌ఎస్ మెటాడేటాలో (ఫైళ్ల గురించి ఒక్కో యూజర్‌కీ విడిగా దాచే వివరాలు) రాసి ఉంచాలి. లేకపోతే క్లిక్ చేసిన ప్రతిసారీ ‘నమ్మదగని లాంచర్’ అని డబ్బా తెరుచుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల బొమ్మ గీద్దామని నొక్కితే సెక్యూరిటీ హెచ్చరిక! మొదటి రోజే ముగ్గురు నా దగ్గరికి వచ్చి "అంకుల్, వైరస్ వచ్చింది" అన్నారు.

రూట్‌గా (అడ్మిన్ అకౌంట్‌తో) లూప్ వేసి అందరికీ ఒకేసారి చెక్‌సమ్ రాసేద్దామనుకుంటే, ఆ అట్రిబ్యూట్‌కి సపోర్ట్ లేదంటుంది. మెటాడేటా రాసే డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) ఆ యూజర్ లాగిన్ అయ్యాక మొదలయ్యే డీబస్ సెషన్ బస్ మీద ఉంటుంది కాబట్టి, లాగిన్ కాని మనిషి తరఫున రాయడం కుదరదు. అందుకే ఆటోస్టార్ట్‌లో ఒక స్క్రిప్టు పెట్టాను. లాగిన్ కాగానే ఉమ్మడి ఫోల్డర్ నుంచి 6 ఫైళ్లూ కాపీ చేస్తుంది, పర్మిషన్ ఇస్తుంది, చెక్‌సమ్ రాస్తుంది. తెలుగు లొకేల్‌తో (భాష సెట్టింగు) తెరిచిన అకౌంట్లలో డెస్క్‌టాప్ ఫోల్డర్ పేరే తెలుగులో ఉంటుంది కాబట్టి, దాని దారిని ఎక్స్‌డీజీ యూజర్ డిర్ కమాండ్‌ని అడిగి తెచ్చుకున్నాను. అది మొదటిసారే పని చేసింది.

తర్వాత ఓపిగ్గా కూర్చుని 14 అకౌంట్లలోనూ లాగిన్ అయ్యి 84 ఐకాన్లూ నొక్కాను. 64 సాఫీగా తెరుచుకున్నాయి. 20 మాత్రం డబ్బా చూపించాయి. అవన్నీ 5 అకౌంట్లవే, ఒక్కోదాంట్లో 4. రేపు లాగిన్ అయినా అవే 20. మెషీన్ మార్చినా అవే 20.

మొదటి అనుమానం డీబస్ మీద. స్క్రిప్టు తొందరపడుతోందేమో, డీమన్ ఇంకా లేవలేదేమో అని 2 సెకన్లు ఆపాను, తర్వాత 5, తర్వాత 10. ఏమీ తేడా లేదు. రెండోది ఎన్‌ఎఫ్‌ఎస్. ఆ 5లో ఒక అకౌంట్ హోమ్‌ని లోకల్ డిస్క్ మీదకి మార్చడానికి ఆదివారం మధ్యాహ్నమంతా పోయింది. అయినా ఆ 4 ఐకాన్లూ కదల్లేదు. మూడో ప్రయత్నంగా మెటాడేటా ఫోల్డర్‌ని తుడిచేసి మళ్లీ లాగిన్ అయ్యాను. అదే డబ్బా. జీఐఓ ఇన్ఫో కమాండ్‌తో చూస్తే చెక్‌సమ్ రాసే ఉంది. ఉమ్మడి ఫోల్డర్‌లోని ఫైలు చెక్‌సమ్‌తో 64 అక్షరాలూ ఒక్కొక్కటిగా పోల్చాను, పొల్లు పోకుండా సరిపోయాయి. నేను బోల్తా పడింది ఇక్కడే. పోల్చాల్సింది డెస్క్‌టాప్ మీద ఉన్న కాపీతో. నేనేమో అసలు ఫైలుతో పోల్చి సంబరపడ్డాను. చెక్‌సమ్‌ని స్క్రిప్టు లెక్కగట్టింది కూడా ఆ అసలు ఫైలు నుంచే మరి, సరిపోక ఏం చేస్తుంది!

శనివారం రాత్రి ఊరికే ఫైళ్ల సైజులు చూశాను. టక్స్ పెయింట్ ఫైలు ఉమ్మడి ఫోల్డర్‌లో 364 బైట్లు, డబ్బా చూపించిన ఒక అకౌంట్‌లో 311. తేడా 53. ఆ అంకె చూడగానే వెలిగింది. పోయిన నెల ఐకాన్ కింద ‘బొమ్మలు గీద్దాం’ అని కనపడాలని తెలుగు పేరు లైను చేర్చాను. అందులో 14 యూనికోడ్ గుర్తులు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 42, మధ్యలో ఖాళీకి 1. ముందున్న ఇంగ్లీషు ట్యాగుకి 9, లైను చివర 1. మొత్తం 53!

అంటే ఆ 5 పాత అకౌంట్లకు కొత్త ఫైలు చేరనేలేదు. ఎందుకంటే పిల్లలు చేసుకున్న మార్పులు పోకూడదని కాపీ కమాండ్‌కి ‘మైనస్ ఎన్’ (-n) తగిలించింది నేనే. ఫైలు ముందే ఉంటే ముట్టుకోకు అని దాని అర్థం. పాత ఫైలు, కొత్త చెక్‌సమ్. ఫైర్‌ఫాక్స్‌కీ లిబ్రేఆఫీస్‌కీ తెలుగు లైను చేర్చలేదు కాబట్టి అవి ఎవరికీ డబ్బా చూపించలేదు. ఆ ఆనవాలు మొదటి రోజు నుంచీ కళ్లముందే ఉంది.

ఆ గీతా అక్షరమూ తీసేశాను. చెక్‌సమ్ కూడా ఇప్పుడు కాపీ అయిన ఫైలు నుంచే తీస్తున్నాను. 84కి 84 తెరుచుకున్నాయి.

గ్నోమ్‌కి (ఇంకో డెస్క్‌టాప్) మారిపోకూడదా అని ఇద్దరు అడిగారు. 2018లో 3.28తో నాటిలస్ (వాళ్ల ఫైల్ మేనేజర్) నుంచి డెస్క్‌టాప్ ఐకాన్లే పీకేసిన వాళ్ల దగ్గరికి ఐకాన్ల కోసం వెళ్లను. ప్లాస్మాలో (కేడీఈ వాళ్ల డెస్క్‌టాప్) అయితే ఫోల్డర్ వ్యూని (డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌ని చూపించేది) నేరుగా ఉమ్మడి ఫోల్డర్‌కే తిప్పొచ్చు, ఈ కాపీల గోలే ఉండదు. నిజం చెప్పాలంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ కన్నా ఈ విషయంలో అదే మేలు. కానీ 2 జీబీ ర్యామ్ మెషీన్లు మూడున్నాయి, వాటి మీద ఆ బరువు పెట్టబుద్ధి కావట్లేదు. ఆన్సిబుల్ (చాలా మెషీన్లని ఒకేచోట నుంచి సెట్ చేసే సాధనం) కూడా ఏడు మెషీన్లకి అతి అనిపిస్తోంది.

మిగిలినవి రెండు. నేను ఉమ్మడి ఫోల్డర్‌లో ఏదైనా తీసేస్తే అది పిల్లల డెస్క్‌టాప్‌ల మీద అలాగే ఉండిపోతోంది. స్క్రిప్టు ఏమేం పెట్టిందో ఒక జాబితా రాసుకుని, అందులో ఉండి ఇక్కడ లేనివాటిని తీసేసేలా చేయాలి. రెండోది ఐకాన్ల వరస. మానిటర్ కొలతని బట్టి ఎక్స్‌ఎఫ్‌డెస్క్‌టాప్ (ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఐకాన్లు చూపించే ప్రోగ్రామ్) వేరే వేరే ఫైళ్లలో స్థానాలు రాస్తుంది, మా దగ్గరేమో రెండు రకాల మానిటర్లున్నాయి. కిటికీ పక్క మెషీన్‌లో కూర్చున్న వాళ్లకి జీకాంప్రీ చెత్తబుట్ట పక్కకి చేరుతోంది. వచ్చే ఆదివారం ఒక్కో కొలతకీ ఒక్కో ఫైలు తయారుచేసి స్కెల్‌లో పెట్టి చూస్తాను. పాత అకౌంట్లకి మాత్రం చేత్తోనే.