గ్రూప్-1 వ్యాసం పేపర్: వర్తక మార్గాల టాపిక్ నా ప్రిపరేషన్‌ను ఎలా మార్చింది

ఫైనల్ లిస్ట్‌లో నంబరు కనబడగానే అమ్మకు ఫోన్ చేశాను. ఇన్నేళ్ల టెన్షన్ ఒక్కసారిగా దిగిపోయింది. అప్పట్నుంచి "అక్కా, ఎలా చదివారు?" అని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను.

పాలిటీ, ఎకానమీకి నేను చేసింది అందరూ చేసేదే: అకాడమీ పుస్తకాలు, సొంత నోట్స్, రివిజన్. నన్ను పైకి తెచ్చింది మాత్రం వ్యాసం పేపరూ, హిస్టరీ పేపరూ. ఆ రెండింటికీ దారి చూపింది ఒకే టాపిక్, పాతకాలపు వర్తక మార్గాలు.

మన చేతికొచ్చే మెటీరియల్‌లో ఈ టాపిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. సరుకులకో పేరా, మతాలకో పేరా, రోగాలకో పేరా. చైనా పట్టు రోమ్‌కు వెళ్లింది, బౌద్ధం చైనాకు వెళ్లింది, ప్లేగు యూరప్‌కు వెళ్లింది. మూడూ వేర్వేరు కథల్లా కనిపిస్తాయి. కిందటిసారి ఆన్సర్ షీట్లలో వేలమంది అదే రాసి ఉంటారు. నేనూ అదే రాశాను, మార్కులూ అందరితోపాటే వచ్చాయి.

ఈసారి స్టడీ హాల్లో ఒక రాత్రి ఔట్‌లైన్ మ్యాప్ ముందేసుకుని, నల్ల మరణం (బ్లాక్ డెత్) అని మనం చదువుకునే 14వ శతాబ్దపు ప్లేగు ఏ ఊరికి ఏ సంవత్సరం చేరిందో ఎర్ర పెన్నుతో రాయడం మొదలుపెట్టాను. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్-కుల్ సరస్సు దగ్గర 1338–39 నాటి సమాధి రాళ్ల మీద "మహమ్మారితో చనిపోయారు" అని సిరియాక్ అనే పాత లిపిలో ఉంది. అక్కడి అస్థికల్లో ప్లేగు బాక్టీరియా డీఎన్ఏ దొరికిందని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ తర్వాత నల్లసముద్రం ఒడ్డున ఇటలీలోని జెనోవా వర్తకుల రేవు కఫా, 1346. సిసిలీలోని మెస్సీనా, 1347 అక్టోబరు. లండన్, 1348. మాస్కో, 1353.

అక్కడ నా పెన్ను ఆగిపోయింది. కఫా నుంచి చూస్తే లండన్ కన్నా మాస్కోనే దగ్గర. అయినా లండన్‌కు ముందు చేరింది, మాస్కోకు ఏళ్ల తర్వాత చేరింది. రోగం దూరాన్ని చూసుకుని పోలేదు, ఓడల వెంట పోయింది. సరుకు ఎక్కడ దిగిందో ఎలుకలు, వాటి ఒంటి మీద రక్తం పీల్చే ఫ్లీ పురుగులు అక్కడే దిగాయి. ఆ మ్యాప్ మీదే నీలం పెన్నుతో వర్తక కేంద్రాలు గుర్తుపెడితే ఎర్ర చుక్కలన్నీ దాదాపు వాటి మీదే పడ్డాయి. మంగోలులు దారుల్లో భద్రత కల్పించబట్టే మార్కో పోలో లాంటివాళ్లు చైనా దాకా వెళ్లగలిగారు. అదే భద్రత ప్లేగుకూ పనికొచ్చింది.

కఫాను ముట్టడించిన మంగోలులు ప్లేగు శవాలను కోటలోకి విసిరారన్న కథ మనందరికీ ఇష్టం. దాని మీదే ఆన్సర్ కట్టకండి. అది రాసిన ఇటలీవాడు గాబ్రియేలే దె ముస్సి అప్పుడు కఫాలో లేడని చరిత్రకారులు భావిస్తారు. ఓడలు చాలు, శవాలు అక్కర్లేదు.

ఒక్క టాపిక్ మీద ఇంత టైమా అని నా రూమ్మేట్స్ అన్నారు. సిలబస్ పూర్తవదని భయపెట్టారు. నేను వినలేదు, విననందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. ఈ ఒక్క మ్యాప్‌తో గ్లోబలైజేషన్, ప్రజారోగ్యం, సంస్కృతి, విదేశాంగ విధానం మీద వచ్చే వ్యాసాలన్నింటికీ నాకు సరుకు దొరికింది. పది పుస్తకాలు పైపైన తిరగేయడం కన్నా ఒక్కటి లోతుగా చదవడం మేలు. రోజూ ఒక ఆన్సర్ చేత్తో రాయండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. మూడ్ లేదనే మాట మెయిన్స్ రాసేవాళ్ల నోట రాకూడదు. బద్ధకానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు అది.

మన హిస్టరీకి వస్తే, మోటుపల్లి వదలకండి. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం నాకు రెండు పేపర్లలో పనికొచ్చింది. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ఆయన అది మానేసి, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. రాజ్యం ఇచ్చే ఇలాంటి భరోసా ఉంటేనే దారి నడుస్తుంది. ఇది మంగోలుల పక్కన పెట్టి రాస్తే మామూలు పాయింటు కాస్తా విశ్లేషణ అవుతుంది. ఆలోచనల దగ్గర నాగార్జునకొండలో సింహళ భిక్షువుల విహారం, మధ్య ఆసియాలోని కూచా నుంచి వచ్చి 401లో చైనాలోని చాంగాన్ చేరి బౌద్ధ గ్రంథాలను చైనీస్‌లోకి అనువదించిన కుమారజీవుడు, ఈ రెండు ఉదాహరణలు చాలు. కొలంబస్ తర్వాత ఖండాల మధ్య జరిగిన మార్పిడికి మిరపకాయ, మశూచి. అమెరికా నుంచి పోర్చుగీసుల ద్వారా మన వంటింటికి మిరప వచ్చింది, యూరప్ నుంచి మెక్సికోకు 1520లో మశూచి వెళ్లి అజ్టెక్ రాజధానిని కుదిపేసింది.

కన్‌క్లూజన్‌లో నేను రాసింది రగూసా రేవు పట్నం, అంటే ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్. వర్తకమే ఆ ఊరి బతుకు, రేవు మూసే పరిస్థితి లేదు. అందుకే ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి అడుగుపెట్టే ముందు బయటే 30 రోజులు ఆగాలని 1377లో చట్టం చేశారు. రేవూ ఆగలేదు, ఊరికీ రక్షణ దొరికింది. కోవిడ్ చూసిన మనకు దాన్ని వర్తమానానికి కలపడం కష్టం కాదు. ఎకానమీ నోట్స్ అడిగినవాళ్లకు విడిగా రాస్తాను.