అనంతపురం ఎండల్లో పెరటి కూరగాయలకు నీళ్ళు

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ. మిగతా నెలల్లో పెరట్లో మొక్క బతికేది మనం పోసే నీళ్ళ మీదే. బోరులో నీళ్ళు తక్కువ, చాలా ఇళ్ళలో ఉప్పన కూడా. అందుకే పోసిన ప్రతి చెంబూ వేరుదాకా దిగుతోందో లేదో చూసుకోవాలి.

రోజూ సాయంత్రం పైపు పట్టి మడంతా పైపైన తడిపితే రెండు వేళ్ళ లోతే తడుస్తుంది. ఆ తడి కోసం వేర్లు పైపొరలోనే అల్లుకుంటాయి. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు ఆ పొర మధ్యాహ్నానికే ఎండిపోతుంది, దాంతో మొక్కా వడలిపోతుంది. నీళ్ళు పోసిన గంటకు సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి. తడి ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది, పొడి తగిలిన చోట ఆగుతుంది. టమాటా, వంగ, మిరపలకు జానెడు దిగాలి. ఆకుకూరలకు నాలుగు వేళ్ళ లోతు చాలు.

మధ్యాహ్నం సొర, బీర ఆకులు వాలగానే బిందె ఎత్తుకోకండి. పెద్దాకుల మొక్కలు ఎండకు వాలి సాయంత్రానికి లేస్తాయి. పొద్దున్నే చూసినా వాలే ఉన్నాయంటే అప్పుడు చువ్వ గుచ్చాలి. లోపల పొడిగా ఉంటే నీళ్ళు పోయాలి. బురదగా ఉంటే వేరు కుళ్ళుతోందని అర్థం, నీళ్ళు ఆపాలి.

ఎన్ని పోయాలో లెక్క కష్టం కాదు. చదరపు మీటరు మడికి ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వానతో సమానం. ఏప్రిల్, మే నెలల్లో కాపు మీదున్న మొక్కలకు చదరపు మీటరుకు రోజుకు 6 నుంచి 8 లీటర్లు కావాలి. డిసెంబరులో 3, 4 చాలు. ఎర్ర గరప నేలైతే రెండు రోజుల నీళ్ళు కలిపి రోజు విడిచి రోజు పట్టండి. తాడిపత్రి వైపు నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది, ఇంకా ఎడంగా ఇచ్చినా సరిపోతుంది.

ఎడం ఎంతైనా, దాన్ని తప్పకూడదు. వారం ఎండగట్టి ఒక్కసారిగా పారిస్తే టమాటా కాయలు పగులుతాయి. కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిపోయే మచ్చ కూడా చాలావరకు దీనివల్లే. నేలలో సున్నం ఉన్నా, దాన్ని కాయదాకా మోసుకెళ్ళేది నీళ్ళే కదా. మందు కొట్టే ముందు నీటి వేళలు సరిచేయండి.

మట్టి మీద రెండు అంగుళాల మందాన శనక్కాయ పొట్టు పరవండి. మన దగ్గర ఇంత తేలిగ్గా దొరికేది ఇంకోటి లేదు. పొట్టును ముందు బాగా ఎండబెట్టాలి, మొక్క మొదలుకు నాలుగు వేళ్ళు దూరంగా ఉంచాలి. శనక్కాయ చెట్టు మొదలును కుళ్ళబెట్టే బూజు టమాటానూ పట్టుకుంటుంది. ఆషాఢం గాలికి పొట్టు ఎగిరిపోకుండా పైన కందికట్టె అడ్డంగా పేర్చాలి.

డ్రిప్ వేసుకునేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ప్రెషర్ దగ్గర. మిద్దె మీది ట్యాంకులో నీటిమట్టం మడికన్నా మూడు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 0.3 కేజీలే. నీటిచుక్కలు వదిలే డ్రిప్పర్ మీద రాసిన గంటకు 4 లీటర్లు మామూలుగా ఒక కేజీ ప్రెషర్‌కు లెక్క. మూడు మీటర్ల ఎత్తుతో గంటకు రెండు లీటర్లకు కాస్త పైన వస్తుందంతే. డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి 15 నిమిషాల నీళ్ళు కొలిచి, నాలుగుతో హెచ్చించండి. లైను మొదట్లో, చివర్లో రెండు చోట్లా కొలవాలి. చివర బాగా తగ్గితే పైపు పొడవు ఎక్కువైందని, లేదా ఫిల్టర్ పూడిందని. ప్రెషర్ సరిచేసుకునే రకం డ్రిప్పర్లు ఇంత తక్కువ ఎత్తుకు సరిగా పనిచేయవు, వాటికి డబ్బు పెట్టొద్దు. వారానికోసారి పైపు చివరి మూత (ఎండ్ క్యాప్) విప్పి, మడ్డి పోయి తేటనీళ్ళు వచ్చేదాకా వదలండి. తెల్లటి గార పట్టిన డ్రిప్పర్లను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి కడగాలి.

డ్రిప్ లేకపోతే కుండ పాతండి. ఐదు లీటర్ల మట్టికుండ, రంగు వేయనిది, అడుగున చిల్లు లేనిది కావాలి. కొనగానే నీళ్ళు నింపి పెట్టండి, పూటలోపు బయట చెమ్మ పట్టాలి. మెడవరకు పూడ్చి, మూత పెట్టి, చుట్టూ జానెడు లోపల మూడు కాకర గింజలో బీర గింజలో పెట్టాలి. మొలకలకు వేరు దిగేదాకా పైనుంచి కూడా చెంబుతో పోయాలి. తర్వాత కుండ సగమైనప్పుడల్లా నింపడమే. పూర్తిగా ఎండనిస్తే గోడలోని సన్న రంధ్రాల్లో ఉప్పు గట్టిపడి ఊరడం తగ్గుతుంది. అప్పుడు పైకి తీసి కొబ్బరి పీచుతో తోమాలి. అయినా ఊరకపోతే మార్చేయాలి.

ఉప్పన నీళ్ళున్న ఇంట్లో బీన్స్, క్యారెట్, ఉల్లి పెట్టొద్దు. బీట్‌రూట్ బాగా ఓర్చుకుంటుంది. కుండీ అంచున తెల్ల పొర, ఆకు కొసల్లో మాడు కనబడితే మట్టిలో ఉప్పు పేరుకుందన్నమాట. పొరను గీకి తీసేసి, మిద్దె మీద పట్టిన వాననీళ్ళు ఉంటే అవే, అడుగు చిల్లు నుంచి ధారగా కారేదాకా నెమ్మదిగా పోయండి. కింద పళ్ళెం ఉంటే ఆ నీళ్ళు పారబోయాలి, లేదంటే ఉప్పు మళ్ళీ పైకి ఎక్కుతుంది. ఉప్పుతో పాటు నత్రజనీ కొట్టుకుపోతుంది కాబట్టి, రెండు రోజులాగి ప్రతి కుండీకి రెండు గుప్పెళ్ళ మాగిన దిబ్బెరువు కలపండి.