చప్పుడు చాల్లేదు

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో నాటకం ఆడటానికి వెళ్తున్నామని చందాలకు తిరిగినప్పుడు విజయనగరంలో పదిమందిలో ఎనిమిదిమంది ఒకటే మాట అన్నారు. "కన్యాశుల్కం వేయొచ్చుగా!" 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడిన ఊరు కాబట్టి ఆ మాట అనే హక్కు వాళ్ళకుంది. మాది మాత్రం లాకౌటైన జూట్ మిల్లు కథ. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఒక మిల్లులో బదిలీ కార్మికుడు. బదిలీ అంటే రోజూ గేటు దగ్గర నిలబడడం, ఎవరైనా రాకపోతే ఆ పని దొరకడం. 1994లో మా ఊరి పక్క నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుల మీద కాల్పులు జరిగినప్పుడు నేను పదో తరగతి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. నాటకం అక్కడే పుట్టింది, రాయడానికి మాత్రం పాతికేళ్ళు పట్టింది.

తొమ్మిదిమందిమి బయల్దేరాలి, ఎనిమిదిమందిమే వెళ్ళాం. మేస్త్రీ వేషం వేసేవాడికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1, బడి సర్టిఫికెట్‌లో ఇంకోటి. అది సరిచేసుకునేలోపు టైమ్ అయిపోయింది, పాస్‌పోర్టు రాలేదు. వాడి వేషం నా మెడకు పడింది. హైదరాబాద్‌లో వీసా వేలిముద్రలు ఇచ్చి, రాత్రి రైల్లో తిరిగొస్తూ పై బెర్త్ మీద మేస్త్రీ డైలాగులు బట్టీ పట్టాను.

మేం ఆడబోయే ఉత్సవం పేరు ఎడిన్‌బరో ఫ్రింజ్, ఫ్రింజ్ అంటే అంచు. దాని కథ నాకు భలే నచ్చింది. 1947లో అక్కడ పెద్ద అంతర్జాతీయ ఉత్సవం మొదలుపెడితే, ఎనిమిది నాటక బృందాలు పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళి, ఉత్సవం అంచున సొంతంగా ఆడాయి. ఇప్పటికీ అందులో ఆడటానికి ఎవరూ ఎంపిక చేయక్కర్లేదు. హాలు దొరికించుకుని, డబ్బు కడితే చాలు. ఆ డబ్బు దగ్గరే అసలు సంగతి తెలుస్తుంది. అందరికీ తెరిచిన తలుపే, కానీ గడప ఎత్తు. మాకు దొరికింది ఒక చర్చి హాలు కింది గది, యాభై కుర్చీలు, యాభై అయిదు నిమిషాలు. ఇక్కడ దాదాపు రెండు గంటలు ఆడే నాటకాన్ని సగానికి కోశాం. ముందు ఆడేవాళ్ళు వెళ్ళాక పదిహేను నిమిషాల్లో సెట్టు వేసుకోవాలి. మా సెట్టంటే నలభై గోనె సంచులు, గంటస్తంభం దగ్గర కొన్నవి.

ఆగస్టులో కూడా అక్కడ చలి, తుంపర. మొదటి రోజు డప్పు మోగలేదు. మా డప్పు మావ తోలు మీద వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించాడు. "ఏటి బావూ ఇది, తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. రెండు గడ్డిపరకలు ముట్టించు, కాపుదాం." ఆ హాల్లో అగ్గిపుల్ల గీస్తే అలారం మోగుతుంది. ఆఖరికి మా అక్క కూతురు బాత్రూంలోంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చింది. మావ డప్పుని ఒళ్ళో పెట్టుకుని, అంచుల చుట్టూ గాలి తిప్పుతూ మధ్యమధ్య వేలితో మీటి చూసుకుంటూ పావుగంట కూర్చున్నాడు. తోలు బిగిసి, ఖంగుమంది. ఆ తర్వాత డ్రయ్యర్ ఎవరికీ ఇవ్వలేదు.

మొదటి ఆటకి ఏడుగురు వచ్చారు. మేం ఎనిమిదిమందిమి. రెండో రోజు నుంచి రాయల్ మైల్ వీధిలో కరపత్రాలు పంచాం. తడిసిన కాగితం ఎవరూ తీసుకోరు, డప్పు కొడితే మాత్రం ఆగుతారు. తెర మీద ఇంగ్లీషు వాక్యాలు వేసే పని కూడా మా అక్క కూతురిదే. వేషగాళ్ళు సొంత మాటలు కలిపినప్పుడల్లా పాపం వెనక్కీ ముందుకీ నొక్కుతూ నా వంక గుర్రుగా చూసేది. గేటు మీటింగు సీన్లో మేమంతా గొంతు చించుకుని అరుస్తాం. విజయనగరంలో చప్పట్లు పడేది అక్కడే. ఇక్కడ ఆ సీన్లో జనం మర్యాదగా కూర్చున్నారు.

నాలుగో రోజు ఆట అయ్యాక ఎనభై దాటిన ఒక ముసలావిడ కుర్చీలోంచి లేవలేదు. డండీ అనే ఊరి నుంచి వచ్చిందట, చిన్నప్పుడు జూట్ మిల్లులో పనిచేసిందట. మెచ్చుకుంటుందనుకున్నాను. "మీ మిల్లు మరీ నెమ్మది" అంది. "చప్పుడు చాల్లేదు. పక్కమనిషి ఏమందో పెదాలు చూసి తెలుసుకునేవాళ్ళం. మీరేమో మగ్గాల మధ్య నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు." మా నాన్న ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరికి వినబడేలా ఎందుకు అరిచేవాడో, నాటకం రాసిన నాకు అప్పటిదాకా తట్టలేదు.

మర్నాడు మాకు సెలవు. అందరం డండీ రైలెక్కాం. ఫోర్త్ వంతెన మీదికి రాగానే మావ అలవాటుగా జేబులోంచి చిల్లర తీశాడు, గోదావరికి వేసినట్టు. కిటికీ తెరుచుకోదు. చిల్లర మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

డండీలో వెర్డెంట్ వర్క్స్ అనే పాత మిల్లుని జూట్ మ్యూజియం చేశారు. బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన నారను తిమింగలం నూనెతో మెత్తబరిచి వడికేవారట. పనివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మగవాళ్ళు ఇంట్లో కెటిల్ కాచుకుంటూ కూర్చునేవారని వెక్కిరింపు ఉండేదట. తర్వాత కలకత్తా మిల్లులు పెరిగి ఈ ఊరి పని పలచబడింది. వాళ్ళ దగ్గర పోయిన పని మన దగ్గరికి వచ్చింది. మన దగ్గర పోయింది ఎక్కడికి వెళ్ళిందో మా నాటకంలో లేదు. ఉండాల్సింది.

అక్కడ యంత్రాలు నడిపి చూపిస్తారు. స్విచ్ వేయగానే మావ కళ్ళు మూసుకుని, వేళ్ళతో తొడ మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. బయటికొచ్చాక "ఆయమ్మ నిజిమే సెప్పింది బావూ" అన్నాడు.

మరుసటి ఆటలో మిల్లు సీన్లో మాటలన్నీ తీసేశాం. ఒక్క డప్పు, మా చేతి సైగలు, పెదాల కదలిక. తెర మీద అక్షరాలు లేవు. మూడు నిమిషాలు కాకముందే పక్క హాల్లో కామెడీ చెప్పుకునే కుర్రాడు తలుపు తోసుకొచ్చి, తగ్గించమని రెండు చేతులూ ఊపాడు. మావ కళ్ళు తెరవలేదు.