టెర్రస్ మీద ఉప్పునీళ్ల టెస్ట్: ఎండ, నీడ, బురద

థర్మోకోల్ డబ్బాలో బల్బు, థర్మోస్టాట్ పెట్టి చేసిన ఇంక్యుబేటర్ (బ్యాక్టీరియాని వెచ్చగా పెంచే పెట్టె) ఇప్పుడు 35 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటోంది, ఇక అసలు టెస్ట్ మొదలుపెట్టేశా. నాకు కావాల్సింది ఒక్కటే, హైదరాబాద్ నుంచి వీకెండ్‌కి సూర్యలంకో రుషికొండో వెళ్లి పిల్లల్తో సహా నీళ్లలో దిగిపోతాం కదా, అదే బీచ్‌లో తెల్లారుజాము నీళ్లకీ మధ్యాహ్నం నీళ్లకీ బ్యాక్టీరియాలో తేడా ఎందుకొస్తుందో కళ్లతో చూడాలి.

నల్లా నీళ్లు మరిగించి చల్లార్చా, క్లోరిన్ మిగిలితే టెస్టే దండగ. లీటరుకి 35 గ్రాముల కల్లుప్పు, బ్యాక్టీరియా కోసం కొంచెం మూసీ నీళ్లు. గిన్నెలు మూడూ వెడల్పాటి స్టీల్‌వి, మూత లేకుండా, ఎందుకంటే ఎండలో బ్యాక్టీరియాని చంపే యూవీ-బి కిరణాల్ని మామూలు గాజు దాదాపు ఆపేస్తుంది. ఒకటి ఎండకి, ఒకదానిపైన ఫాయిల్, ఒకదాంట్లో కుక్కర్‌లో ఉడికించిన మట్టి. మూడూ ఒకే నీళ్ల టబ్‌లో పెట్టా, లేకపోతే వేడికి చచ్చాయో వెలుతురుకి చచ్చాయో తేలదు. గ్లోవ్స్ తప్పనిసరి, వాడిన ప్లేట్లు బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాకే పారేయండి.

పొద్దున తీసిన శాంపిల్స్ వేసిన పెట్రిఫిల్మ్ (బ్యాక్టీరియా చుక్కలుగా పెరిగే రెడీమేడ్ ఫిల్మ్) ప్లేట్లన్నీ చుక్కలే, నీలం చుక్కని అంటుకుని చిన్న గాలి బుడగ ఉంటే అది ఈ-కోలై, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా. సాయంత్రానికి ఎండ గిన్నెలో ఒకటీ అరా మిగిలాయి, ఫాయిల్ గిన్నెలో పెద్దగా తగ్గలేదు, బురదది మధ్యలో ఆగింది. నీళ్లు బాగా కలిపాకే శాంపిల్ తీయాలి సుమా, మట్టితో పాటు బ్యాక్టీరియా కూడా అడుక్కి దిగుతుంది.

వాన పడ్డాక బీచ్ ఎందుకంత డేంజరో ఇక్కడే అర్థమైంది, డ్రైన్ నీళ్లు కలవడం ఒకటి, ఆ బురదే ఎండ తగలకుండా అడ్డుపడటం ఇంకోటి, పైగా మబ్బు. కాలిఫోర్నియాలో వాన తర్వాత మూడ్రోజులు దిగొద్దంటారు, నేనైతే కాలువ కలిసే చోట అసలే దిగను. పౌర్ణమి, అమావాస్య పోటు ఇసుక పైదాకా వచ్చి అందులో దాగున్న బ్యాక్టీరియాని కూడా కడిగి నీళ్లలోకి లాక్కొస్తుంది.

ప్లేట్‌కి పట్టేది 1 మి.లీ. అంటే ఒక్క చుక్క 100 మి.లీ.కి 100తో సమానం, మన దగ్గర సముద్రస్నానానికి ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా గుంపు, ఈ-కోలై అందులోదే) ప్రమాణమే 100, కాబట్టి ప్లేట్ ఖాళీగా వచ్చినా నీళ్లు బాగున్నాయని నేను చెప్పను. వైరస్‌లు ఇంకా మొండివి కూడా. ఉప్పునీళ్లలో ఈ-కోలై కంటే ఎంటరోకోకై (పేగుల్లో ఉండే ఇంకో రకం బ్యాక్టీరియా) ఎక్కువసేపు బతుకుతాయి, చాలాచోట్ల బీచ్ టెస్టులకి వాటిని వాడటానికి అదొక కారణం, తర్వాతి రౌండ్ వాటితోనే, ఈసారి రాత్రంతా కూడా శాంపిల్స్ తీస్తా.